62 నుంచి 48కి: అరవై దాటాక విల్లు బరువు దించుకున్న నా అనుభవం

2022 నవంబర్ రెండో వారం. పిట్స్‌బర్గ్‌కి గంట దూరంలో మా పక్కింటి పెద్దాయన వాళ్ళ అన్నగారి పొలం, దాని చివర ఓక్ చెట్టు మీద 15 అడుగుల ఎత్తులో స్టాండు, అందులో నేను. చీకటుండగానే ఎక్కి కూర్చున్నా, మూడు గంటలు కదలకుండా కూర్చునేసరికి చేతులు కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఎనిమిదిన్నరకి ఎండాకుల చప్పుడైంది. చూస్తే మంచి కొమ్ములున్న మగ జింక, 18 గజాల్లో అడ్డంగా నిలబడి అటేదో చూస్తోంది. పదేళ్ళు ఎదురుచూసినా ఇలాంటిది ఒకసారి దొరుకుతుంది. మెల్లిగా లేచి విల్లు లాగా. లాగా అంటే, లాగబోయా. సగం దాకా వచ్చి ఆగిపోయింది.

62 పౌండ్లు. అంటే విల్లు తూకం కాదు, తాడు పూర్తిగా లాగడానికి పెట్టాల్సిన బలం, విల్లు బరువు అంటే అదే. ఆగస్టులో పెరట్లో టీషర్ట్ వేసుకుని రోజూ నలభై బాణాలు వేసిన అదే విల్లు. ఇంకోసారి ట్రై చేశా, ఈసారి విల్లుని ఆకాశం వైపు ఎత్తి ఒంటి బరువంతా వేసి గుంజా, కుడి భుజంలో టక్ అంది, ఆ చప్పుడు నాకు లోపల్నించి వినిపించింది. జింక తలెత్తి చూసింది, తోక తెల్లగా పైకి లేపింది, రెండు గంతుల్లో మాయం. నేను మాత్రం పది నిమిషాలు అలాగే చెట్టుకి ఆనుకుని నిలబడిపోయా, నిచ్చెన దిగడానికి ఒక చెయ్యి సరిపోతుందా లేదా అని లెక్కేసుకుంటూ.

ముందు నా సంగతి చెప్పాలి. మాది గోకవరం వైపు, నాన్న రంపచోడవరంలో మాస్టారుగా చేశారు, చిన్నప్పుడు సంతకి దిగే కొండరెడ్ల భుజాన వెదురు విల్లు చూసి అది కావాలని ఏడ్చి వీపు పగలగొట్టించుకున్న బాపతు. అమెరికా వచ్చి, పిల్లలు కాలేజీకి వెళ్ళాక, 49 ఏళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చేసి లైసెన్సు తీసుకున్నా. ఇదంతా పెన్సిల్వేనియా కథ, ఇండియాలో 1972 చట్టం ప్రకారం వేట నేరం, అక్కడ వాళ్ళెవరైనా ఇది చదివి విల్లు పట్టుకుని అడవిలోకి వెళ్ళకండి బాబూ. బొమ్మ టార్గెట్లకి వేసుకోండి, సెటప్ విషయాలు చాలావరకు అక్కడ కూడా పనికొస్తాయి.

ఎమ్మారై తీస్తే భుజం పైన ఉండే సుప్రాస్పైనేటస్ అనే కండరం తాడు కొంత చిరిగిందన్నారు. పూర్తిగా తెగలేదు కాబట్టి కోత అక్కర్లేదు, ఫిజియోథెరపీ చాలన్నాడు డాక్టరు. పైగా నాకు షుగర్ ఉంది, షుగర్ ఉన్నవాళ్ళకి భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువ వస్తుందట, అందుకని కదపకుండా ఉంచుకోవద్దు, అలా అని బరువూ లాగొద్దు అన్నాడు. ఈ రెండు మాటల మధ్య నేను ఆరు నెలలు గడిపా. ఫిజియో అమ్మాయి నేర్పినవాటిలో నాకు నిజంగా పనిచేసింది ఒకటే: చిన్న తువ్వాలు మడిచి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య పెట్టుకోవాలి, అది కిందపడకుండా రబ్బరు బ్యాండుని బయటివైపుకి లాగాలి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, పదిహేను సార్లు చేసేసరికి చెమట పడుతుంది. ఇప్పటికీ రోజూ చేస్తున్నా, టీవీలో న్యూస్ వస్తున్నప్పుడు.

అసలు 62 ఎందుకు పెట్టుకున్నానో చెప్తే నవ్వుతారు. మొదటి విల్లు కొన్న షాపులో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, ఇక్కడ మగాళ్ళందరూ 70 లాగుతారు సార్ అన్నాడు. అంతే, 60-70 పౌండ్ల లింబ్స్ ఉన్న విల్లు ఇంటికొచ్చింది, లింబ్స్ అంటే విల్లుకి పైనా కిందా వంగే రెండు బద్దలు. అదీ కాక డ్రా లెంగ్త్, అంటే తాడు ఎంత వెనక్కి వస్తుందో ఆ పొడవు, 28న్నర అంగుళాలు పెట్టాడు. రెండు చేతులు బార్లా చాపి ఈ చివర్నించి ఆ చివరకి కొలిచి రెండున్నరతో భాగిస్తే దాదాపుగా మన డ్రా లెంగ్త్ వస్తుంది. నాది 68 అంగుళాలు, అంటే 27 చిల్లర. అంగుళం పైగా ఎక్కువ పెట్టుకుని పన్నెండేళ్ళు లాగానన్నమాట, మోచెయ్యి వెనక్కి పోయి భుజం ఎప్పుడూ మెలి తిరిగే ఉండేది. అతన్ని అని ఏం లాభం, 70 అనగానే ఛాతీ పొంగిందెవరికి?

మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ పట్టేది కూడా ఇలాంటి గిలకల విల్లే, కాంపౌండ్ అంటారు. ప్రపంచ పోటీల్లో కాంపౌండ్ విల్లు 60 పౌండ్లు దాటకూడదని రూలు. ఆ రూలు లోపలే ఉండి, 50 మీటర్ల దూరంలో టార్గెట్ పెడితే, ఆ అమ్మాయి హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ నుంచి మూడు గోల్డ్ మెడల్స్ తెచ్చింది. నేనేమో 18 గజాల్లో జింకకి 62 కావాలని కూర్చున్నా!

పక్కింటి పెద్దాయన నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, స్టీల్ మిల్లులో చేసి రిటైరయ్యాడు, మాటలు తక్కువ. భుజం సంగతి విని ఏం అనలేదు. గ్యారేజీలోంచి తన విల్లు తెచ్చి, ఒక మడత కుర్చీ వేసి, కూర్చో, రెండు కాళ్ళూ నేల మీంచి లేపు, ఇప్పుడు లాగు అన్నాడు. డాక్టరు ఒప్పుకున్నాకే లెండి, 2023 జూన్‌లో. ఆయనది 45 పౌండ్లు. ఆరు నెలల తర్వాత మొదటిసారి కదా, నేను సగం కూడా లాగలేకపోయా. నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు. వాళ్ళ మనవడి విల్లు ఇచ్చాడు, పిల్లలు పెరిగేకొద్దీ మార్చుకునే రకం, 5 నుంచి 70 పౌండ్ల దాకా తిప్పుకోవచ్చు. దాన్ని 25కి దించి మొదలుపెట్టా. రెండు వారాలకి రెండు పౌండ్లు చొప్పున పెంచా, నొప్పి వస్తే మళ్ళీ వెనక్కి. సెప్టెంబర్‌కి 35 దగ్గర ఉన్నా. మా రాష్ట్రంలో జింకల వేటకి విల్లు కనీసం 35 పౌండ్లు ఉండాలని రూలు, అంటే చట్టం ప్రకారం వెళ్ళొచ్చు, కానీ నాకు నమ్మకం కుదరక ఆ సీజన్ మానేశా.

మానేశా అంటే ఇంట్లో కూర్చోలేదు, విల్లు లేకుండా వెళ్ళి కూర్చున్నా. ఇది అనుకోకుండా చేసిన మంచి పని. జింక కనిపించినప్పుడల్లా దూరం కొలిచే మెషీన్‌తో ఎన్ని గజాలో చూసి జేబులో కాగితం మీద రాసుకున్నా, విల్లుంటే ఎప్పుడు లాగేవాణ్ణో, లాగాక ఎంతసేపు పట్టుకుని ఆగాల్సి వచ్చేదో కూడా. మొత్తం 11 జింకలు, అందులో 9 పాతిక గజాల లోపే. ఆగాల్సిన టైము మాత్రం నేననుకున్నదాని కంటే చాలా ఎక్కువ, ఒకటైతే చెట్టు చాటున తలపెట్టి దాదాపు నిమిషం నిలబడింది. అంటే నాకు కావాల్సింది నలభై గజాలు పోయే విల్లు కాదు, కూర్చుని చప్పుడు లేకుండా లాగి నిమిషం పట్టుకోగలిగే విల్లు. పన్నెండేళ్ళు వేటాడి ఇది తెలుసుకోడానికి విల్లు లేకుండా వెళ్ళాల్సొచ్చింది చూడండి.

క్రాస్‌బో తీసుకో, ఈ గొడవేం ఉండదు అని చాలామంది అన్నారు. ఇక్కడ ఆర్చరీ సీజన్‌లో అది కూడా ఒప్పుకుంటారు. తప్పేం లేదు, ఇంకో ఐదేళ్ళకి నేనూ అదే పట్టుకుంటానేమో. కానీ చెయ్యి పనిచేస్తున్నన్నాళ్ళు తాడు నేనే లాగాలనిపించింది, దీనికి పెద్ద కారణం ఏమీ లేదు.

చలికాలం అంతా ఆ కుర్చీ పరీక్షే. విల్లు నిటారుగా టార్గెట్ వైపే ఉండాలి, ఆకాశం వైపు ఎత్తకూడదు, కాళ్ళు నేల మీద ఆనకూడదు, మెల్లిగా లాగి అరవై అంకెలు లెక్కపెట్టి మెల్లిగా వదిలిపెట్టాలి. వదిలిపెట్టడం అంటే బాణం వెయ్యడం కాదు, తాడుని వెనక్కి తీసుకెళ్ళడం, లాగడం కంటే అదే కష్టం, భుజం సత్తువ ఎంతో అక్కడ బయటపడుతుంది. టీషర్ట్‌లో నాకు 54 దాకా వచ్చింది. వేటకి వేసుకునే లావు కోటు తొడుక్కుంటే 50. ఇక్కడ ఆపేద్దాం అనుకున్నా గానీ పెద్దాయన ఇంకో మెలిక పెట్టాడు: పొద్దున లేచి కాఫీ కూడా తాగకముందు, వామప్ లేకుండా, బయట అరగంట కూర్చుని, ఒక్కటంటే ఒక్క బాణం. అది నీ అసలు బరువు అన్నాడు. జనవరి చలిలో ఆ ఒక్క బాణం వెయ్యడానికి చొక్కాల మీద చొక్కాలు తొడుక్కుని వెళ్తుంటే మా ఆవిడ కిటికీలోంచి చూసి, "ఏవండీ, రాములవారు కూడా ఇంత తతంగం చెయ్యలేదు, ఒక్క పట్టున విరిచేశారు" అంది. ఆ పరీక్షలో వచ్చింది 48. అక్కడ ఫిక్స్ అయిపోయా.

ఇప్పుడు నా పాత విల్లుని 48కి ఎలా దించాలి? లింబ్ బోల్టులు వదులు చేస్తే తగ్గుతుంది, కానీ ఒక హద్దు దాకానే, నా లింబ్స్ 60-70వి, అరవైకి కిందకి తిప్పితే ప్రమాదం, బోల్టు ఊడితే లింబ్ మొహం మీదకొస్తుంది. ఎన్ని తిప్పులు తిప్పొచ్చో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అది దాటొద్దు, పైన ఎంత తిప్పారో కింద కూడా అంతే తిప్పాలి. కొత్త విల్లు కొందామా అని ధర చూసి నోరు మూసుకున్నా. అదే కంపెనీ 40-50 లింబ్స్ విడిగా అమ్ముతుంది, 2024 ఫిబ్రవరిలో అవి తెప్పించి, విల్లుని నొక్కి పట్టే ప్రెస్ మెషీన్ ఉన్న షాపులో, అంటే పాత షాపులో కాదు వేరే చోట, మార్పించుకున్నా. డ్రా లెంగ్త్ కూడా 27న్నరకి తగ్గించారు. ఒక సంగతి, లింబ్స్‌ని వాటి పై హద్దుకి దగ్గరగా వాడితేనే విల్లు బాగా పనిచేస్తుంది, కాబట్టి 50-60వి లూజు చేసి 50 దగ్గర వాడ్డం కంటే 40-50వి బిగించి 48లో వాడ్డం మేలు. స్కేల్‌కి తగిలించి చూస్తే సరిగ్గా 48.

కాంపౌండ్‌లో ముందు బరువు లాగాలి, గిలక తిరిగాక చెయ్యి తేలికైపోతుంది. నా దాంట్లో 80 శాతం వదిలేస్తుంది, అంటే ముందు 62 ఉన్నప్పుడు పట్టుకుని ఉండాల్సింది 12 పౌండ్ల పైచిలుకు, ఇప్పుడు తొమ్మిదిన్నర. మూడు పౌండ్లే కదా అనిపిస్తుంది. నిమిషం పట్టుకుని చూడండి తెలుస్తుంది.

అసలు కథ బాణం దగ్గర మొదలైంది. ఖర్చెందుకని పాత బాణాలే వేశా. అవి 400 స్పైన్, అంటే 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద బాణాన్ని పడుకోబెట్టి మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే 0.400 అంగుళం వంగుతుందని అర్థం. నంబరు పెరిగేకొద్దీ బాణం మెత్తన. 62 పౌండ్లకి సరిపోయిన గట్టి బాణం 48కి మరీ బిర్రుగా అయిపోయింది, తాడు తోస్తుంటే వంగాల్సినంత వంగట్లేదు, ఫ్రేముకి కట్టిన పేపర్లోంచి వేస్తే గుండ్రటి చిల్లు పడాల్సిన చోట అడ్డంగా రెండంగుళాల చీలిక. సరే అని 500 స్పైన్ అరడజను కొన్నా.

నా లెక్కంతా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. బాణాల బరువు గ్రెయిన్లలో చూస్తారు, 7000 గ్రెయిన్లు ఒక పౌండు. పాత బాణం మొత్తం 390 గ్రెయిన్లు. షాపులో మెషీన్ పెట్టి చూస్తే సెకనుకి 262 అడుగుల స్పీడు. కొత్త దానికి షాఫ్ట్, అంటే బాణం గొట్టం, 228, ముందు ములికి బిగించే మామూలు అల్యూమినియం ఇన్సర్ట్ బదులు 50 గ్రెయిన్ల ఇత్తడిది, ములికి 125, నాలుగు రెక్కలు 28, వెనక తాడుకి తగిలించే నాక్ 10, జిగురు ఓ నాలుగు. మొత్తం 445, మన లెక్కలో 29 గ్రాములకి కాస్త తక్కువ. స్పీడు 222.

గ్రెయిన్లని స్పీడుతో రెండుసార్లు గుణించి 450240తో భాగిస్తే కైనెటిక్ ఎనర్జీ, అంటే కదిలే బాణంలో ఉన్న శక్తి, ఫుట్-పౌండ్లలో వస్తుంది. పాతది 59న్నర, కొత్తది 48.7. ఈస్టన్ కంపెనీ చార్టులో జింకలకి 25 నుంచి 41 అని ఉంటుంది, 42 పైన ఎల్క్ అనే పెద్ద జాతి జింకకి, నల్ల ఎలుగుకి. అంటే తగ్గాక కూడా నాకు జింకకి కావాల్సిన దాని కంటే ఎక్కువే ఉంది, ముందు ఉన్నదంతా దండగ. ఇంకా ముచ్చటైంది ఏంటంటే బరువుని స్పీడుతో ఒక్కసారే గుణించి చూడండి, అంటే మొమెంటం, ఒంట్లోకి దిగాక బాణం ఎంతవరకు ఆగకుండా పోతుందో దాన్ని బట్టి ఎక్కువ తెలుస్తుంది. పాతది 1,02,180. కొత్తది 98,790. విల్లులో 14 పౌండ్లు, అంటే ఐదో వంతు పైన తగ్గించుకుంటే బాణం ఊపులో పోయింది 3 శాతం చిల్లర! ఆ రోజు క్యాలిక్యులేటర్ పట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర మూడుసార్లు గుణించా, ఎక్కడో తప్పు చేశాననుకుని.

మరి ఇంకా బరువెక్కించొచ్చు కదా అంటే, ఆ గోల కూడా ఉంది. డాక్టర్ ఎడ్ యాష్బీ అని ఒకాయన ఆఫ్రికాలో పెద్ద జంతువుల మీద బాణాలు ఎంత దిగుతున్నాయో ఏళ్ళ తరబడి చూసి రాశారు, 650 గ్రెయిన్లు దాటిన బాణాల గురించి మాట్లాడేవాళ్ళందరూ ఆయన పేరే చెప్తారు. అది అడవిదున్న లాంటి వాటి లెక్క. 48 పౌండ్ల విల్లుతో 650 వేస్తే బాణం కాదు, రోకలి విసిరినట్టు ఉంటుంది, గజం దూరం తప్పు అంచనా వేసినా కిందకి పోతుంది. ఆయన దగ్గర నేను తీసుకున్నవి రెండే, బాణం ముందు భాగం గట్టిగా ఉండాలి, బరువు ముందుకి ఉండాలి. బరువు ముందుకి ఎంత ఉందో చూడ్డం సులువు, బాణాన్ని వేలి మీద ఆనించి ఎక్కడ నిలబడుతుందో గుర్తు పెట్టి నాక్ నుంచి కొలవండి. నాది 27న్నర అంగుళాల బాణం, నిలబడింది 18.2 దగ్గర, సగం 13.75, తేడాని పొడవుతో భాగిస్తే 16 శాతం. పాతది 11.

ఇంతా చేసి 500 స్పైన్ కూడా ముందే కుదరలేదు. ముందు 175 గ్రెయిన్లు మోస్తుంటే బాణం ఇంకా మెత్తగా ప్రవర్తిస్తుంది, పేపర్లో ఈసారి చీలిక అవతలి వైపుకి పడింది. బాణం పొట్టిదైతే గట్టిపడుతుంది, 28 పైన ఉన్నవాటిని పావు అంగుళం చొప్పున కోయించుకుంటూ వచ్చి 27న్నర దగ్గర ఆగా. ఒకటి మరీ కోసేసి పారేశా. మూడో రోజు సాయంత్రం పేపర్లో గుండ్రటి చిల్లు, దాని చుట్టూ నాలుగు రెక్కల గీతలు పువ్వులా, దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద మ్యాగ్నెట్‌తో పెట్టా, మా అమ్మాయి వీడియో కాల్‌లో చూసి "నాన్నా అదేంటి, ముగ్గా" అంది.

ములికి సంగతి. ముందు వాడేది మెకానికల్, లోపల ముడుచుకుని ఉండి తగలగానే విచ్చుకునే బ్లేడ్లు. అవి విచ్చుకోడానికి కొంత శక్తి తినేస్తాయి, 62తో పర్లేదు, 48తో ఆ కాస్త కూడా నేను దానం చెయ్యలేను. కదిలే భాగాలు లేని రెండు బ్లేడ్ల ఫిక్స్‌డ్ తీసుకున్నా, వెడల్పు అంగుళం మీద ఇంకో ఎనిమిదో వంతు. మా దగ్గర కనీసం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు ఉండాలి, సరిపోతుంది. డబ్బాలోంచి తీసింది చాలా పదును అనుకోకండి. రాయి మీద ఒక్కో వైపు సానపట్టి, చివర్లో పాత బెల్టు ముక్క మీద రుద్ది, ముంజేతి వెంట్రుకలు నున్నగా లేచిపోవాలి. గోకవరంలో మా మంగలి గోడకి వేలాడే తోలు పటకా మీద కత్తిని అటూ ఇటూ టపటపా కొట్టేవాడు, ఆ చప్పుడే నాకు గ్యారేజీలో వినిపించేది.

ఫిక్స్‌డ్ ములికితో వచ్చే చిక్కేంటంటే అది గాల్లో చిన్న రెక్కలాంటిది, విల్లులో ఏ చిన్న తేడా ఉన్నా బాణాన్ని పక్కకి లాక్కుపోతుంది. ప్రాక్టీసు ములికి 20 గజాల్లో నడిమధ్యన తగిలితే ఇది నాలుగంగుళాలు ఎడమకి. రూలు ఏంటంటే ములికి ఎటు పోతే, విల్లు మీద బాణం ఆనే రెస్ట్‌ని దానికి వ్యతిరేకంగా జరపాలి, అంగుళంలో ముప్పై రెండో వంతు చొప్పున, అంతకంటే ఎక్కువ జరపొద్దు. జరిపా. రెండంగుళాలకి వచ్చింది. ఇంకా జరిపా, ఒకరోజు బాగుంటుంది, మర్నాడు మళ్ళీ మూడు. రెండు వారాలు పిచ్చెక్కింది, బాణాలన్నీ గిరగిరా తిప్పి ములికి వంకరగా ఉందేమో చూశా, తాడు చూశా, స్క్రూలు చూశా. చివరికి పెద్దాయన నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని బాణం వైపు కాకుండా నా ఎడమ చెయ్యి వైపు చూశాడు. విల్లుని పిడికిలి బిగించి పట్టుకుంటున్నా. భుజం నొప్పి వస్తుందేమోనన్న భయానికి ఇంకో చేత్తో బిగపట్టడం, అలవాటైపోయింది. నాలుగు వేళ్ళూ వదులుగా వదిలేసి, బొటనవేలి కింద కండ మీద మాత్రం ఆనించి వెయ్యమన్నాడు. అదే రోజు రెస్ట్‌ని వెనక్కి సగం తెచ్చేశా, ములికి, ప్రాక్టీసు బాణం పక్కపక్కనే.

కళ్ళ గురించి క్లుప్తంగా. ప్రోగ్రెసివ్ అద్దాలతో తల వాల్చి తాడు మీదకి ముక్కు ఆనిస్తే ఏ ముక్కలోంచి చూస్తున్నామో తెలీదు. దూరం చూపుకి మాత్రమే ఒక జత చేయించుకున్నా, తాడులో గురి చూసే చిల్లుని పీప్ అంటారు, విల్లు మీద గురికి పెట్టుకునే చుక్కని పిన్ను అంటారు, ఆ పిన్ను స్పష్టంగా కనపడేలా పీప్‌కి చిన్న లెన్సు వేయించా, పీప్ చిల్లు కూడా పావు అంగుళంది, మసక వెలుతురుకి. నాలుగు పిన్నులుండేవి, మూడు పీకేశా. 20 గజాలకి ఒక్కటే. దాంతోనే 25లో వేస్తే మూడంగుళాలు కిందకి, 30లో అయితే ఎనిమిది. కాబట్టి 25 నా హద్దు, ఇంకా ఆలోచించేది ఏం లేదు.

2024 దసరాకి, అక్టోబర్ 12న, మా ఆవిడ ఆయుధ పూజలో కారు తాళాలు, మిక్సీ, లాప్‌టాప్‌తో పాటు విల్లుని కూడా పెట్టి పట్టుకునే చోటికి పైన కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు తుడవకుండానే తర్వాతి గురువారం సాయంత్రం వెళ్ళా. చెట్టెక్కడం మానేశా, ఇప్పుడు నేల మీద గుడారం లాంటి బ్లైండ్, అందులో అదే మడత కుర్చీ. ఐదున్నరకి 34 గజాల్లో ఒక మగది వచ్చి చాలాసేపు మేసింది. మెషీన్‌లో నంబరు చూసి విల్లు ఒళ్ళోనే ఉంచుకున్నా, వేళ్ళు తాడు దాకా పోయి వచ్చాయని ఒప్పుకుంటా.

ఆరుంపావుకి రెండు ఆడవి వచ్చాయి, ముందుది 17 గజాలు. అది తల చెట్టు వెనక్కి వెళ్ళగానే కూర్చున్నచోటే లాగా. మెల్లిగా, సీతాకోకచిలుకని పట్టుకునేంత నెమ్మదిగా వచ్చేసింది, కోటు రాసుకున్న చప్పుడు కూడా లేదు. చెట్టు దాటి బయటకి రాదే! మనసులో అంకెలు లెక్కపెడుతున్నా, ముప్పై రెండు దాకా గుర్తుంది. అడుగు ముందుకేసింది, ముంగాలు జరిగింది, వదిలా. ధబ్ అని తడి చప్పుడు, అది ఓ గెంతు గెంతి పొదల్లోకి పరిగెత్తింది. అరగంట ఆగా, ఆగాల్సిందే, తొందరపడి వెంటపడితే మైలు దూరం పోతుంది. పెద్దాయన టార్చి పట్టుకుని వచ్చాడు. బాణం అవతలి వైపు నుంచి బయటికొచ్చి మట్టిలో దిగి ఉంది, నాలుగు రెక్కలూ ఎర్రగా. జింక అరవై గజాల్లో పడి ఉంది, రెండు ఊపిరితిత్తుల్లోంచీ పోయింది. ఆయన బాణం పీకి, ములికి గోరుతో తడిమి చూసి, నా చేతికిచ్చి, 48 అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

ట్యాగ్ కట్టి, ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేసి, మర్నాడు కోయించాం. నవంబర్ 2 నుంచి కార్తీక మాసం, ఇంట్లో నీచు ముట్టరు, కాబట్టి ఉన్న రెండు వారాల్లో కొంత గోంగూర వేసి, కొంత మిరియాల వేపుడు, మిగిలింది ఫ్రీజర్‌లో నెల రోజులు మా ఆవిడ పాల ప్యాకెట్లకి దూరంగా ఒక మూల.

పాత 60-70 లింబ్స్ అమ్మకానికి పెట్టా. మొన్న గుళ్ళో వాలంటీర్‌గా చేసే ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు, ముప్పై ఏళ్ళుంటాయి, అదే మోడల్ విల్లు ఉంది, 50-60 లింబ్స్ ఉన్నాయి, "అంకుల్, ఫ్రెండ్సందరూ డెబ్బై లాగుతున్నారు, నాకూ కావాలి" అన్నాడు. సరే నాన్నా, ముందు ఉన్న విల్లు తీసుకురా అని, గ్యారేజీలో మడత కుర్చీ వేసి, కాళ్ళు రెండూ పైకి లేపమన్నా. లింబ్స్ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.